గోదావరి గట్టున చలికాలం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిసెంబరు ఆఖర్లో మేమిద్దరం, మా అమ్మానాన్నలతో కలిసి మూడు రోజులకి రాజమండ్రి రావాలనుకుంటున్నాం. గుళ్లతో సరిపెట్టకుండా ఊరి చరిత్ర, మంచి భోజనం కూడా కావాలి. పాపికొండలు కలుపుకోవచ్చా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పాపికొండలు వద్దు. చలికాలం ఆ ప్రయాణానికి మంచిదే కానీ, గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కి తిరిగి గదికి చేరేసరికి రోజంతా అయిపోతుంది. మూడు రోజుల్లో ఒకటి నీళ్లమీదే గడిస్తే డెల్టాకి మిగిలేది రెండు. పెద్దవాళ్లకి అన్ని గంటలు కూర్చోవడం కూడా కష్టం.

ముందు టికెట్లు చూసుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో బెర్తు దొరకడం గగనం. రానూపోనూ రాజమండ్రికే తీయకండి. వచ్చేటప్పుడు రాజమండ్రిలో దిగి, వెళ్లేటప్పుడు కాకినాడలో ఎక్కితే మూడో రోజు వెనక్కి రావాల్సిన అరవై కిలోమీటర్ల పైచిలుకు మిగులుతుంది. విమానమైతే మధురపూడిలో దిగాలి. పొగమంచు రోజుల్లో పొద్దుటి విమానాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి మధ్యాహ్నం దాటాక వచ్చేది ఎంచుకోండి.

మొదటి రోజు ఊళ్లోనే ఉండండి. మ్యూజియంలు పొద్దున్నే తెరవరు కాబట్టి ముందు ఫలహారం కానివ్వండి. దిబ్బరొట్టె దొరికే చోటైతే కూర్చోగానే అదే చెప్పండి. మందపాటి మూకుడులో మూతపెట్టి సన్నసెగన కాల్చాలి, ఇరవై నిమిషాలకి తక్కువ కాదు. తొందరపెడితే అడుగు మాడి నడుమ పిండి పచ్చిగా వస్తుంది. కొత్త బెల్లం వచ్చే కాలం కనుక చెరకు పానకం ఉందేమో అడగండి. దిబ్బరొట్టెకి జోడీ అదే, చట్నీ కాదు.

పది దాటాక దామెర్ల రామారావు చిత్రశాల, రాళ్ళబండి సుబ్బారావు పురావస్తు మ్యూజియం చూడండి. రెండూ గోదావరి గట్టుకి దగ్గర్లోనే ఉన్నాయి. సెలవు రోజు ముందే ఫోన్‌లో కనుక్కోండి. దామెర్ల 1897లో పుట్టి 1925లో పోయారు. ముప్పై ఏళ్లైనా నిండని మనిషి వేసిన బొమ్మలవి, కనీసం గంట కేటాయించండి. మధ్యాహ్నం తర్వాత కందుకూరి వీరేశలింగం జన్మగృహం, ఆయన కట్టించిన టౌన్‌హాలు చూడవచ్చు. 1881 డిసెంబరు 11న ఆయన చేయించిన తొలి వితంతు వివాహం ఈ ఊళ్లోనే జరిగింది. 1898 నుంచి నడుస్తున్న గౌతమీ గ్రంథాలయంలో పుస్తకాల మనిషైతే సాయంత్రం దాకా తేలడు.

సాయంత్రం ఐదుకల్లా పుష్కరఘాట్‌లో ఉండాలి. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు నదికి అవతల, కొవ్వూరు వైపు వాలుతుంది. డిసెంబరులో ఐదున్నర దాటగానే అస్తమిస్తుంది. ఆరింటికి వెళ్లినవాళ్లకి హారతి దక్కుతుంది, అస్తమయం దక్కదు. సూర్యోదయం నీళ్లమీద చూడాలంటే మాత్రం కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు వెళ్లాలి. 1974 నాటి రోడ్డు–రైలు వంతెన మీద అవతలికి చేరవచ్చు. కానీ డిసెంబరు పొద్దుల్లో సూర్యుడికంటే మంచే ఎక్కువ కనిపిస్తుంది, పెద్దవాళ్లని లేపకండి.

రెండో రోజు ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం, ర్యాలి. ఏడున్నరకి ముందు కారు తీయకండి. కాలవగట్టు రోడ్లమీద పొగమంచులో ముందు వెళ్లే వరిగడ్డి ట్రాక్టరు పది అడుగుల దాకా కనపడదు, చాలావాటికి వెనక దీపాలుండవు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ మీదికి వెళ్తే విషయం బాగా ఎక్కుతుంది. 1847 నుంచి 1852 వరకు కట్టిన ఆనకట్ట ఒకే గోడ కాదు. నడుమ లంకలు ఉండటంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలుగా కట్టారు. ఇప్పుడు మనం దాటేది దాని తర్వాత వచ్చిన బ్యారేజీ. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. హడావిడిగా బయటికొస్తే సగమే చూసినట్టు, వెనకవైపు కూడా చూపించమని అర్చకుల్ని అడగండి.

మూడో రోజు గదులు ఖాళీచేసి సామానుతోనే బయల్దేరండి. కడియపులంక నర్సరీలు, తాపేశ్వరం, ద్రాక్షారామం, యానాం, కాకినాడ. గుడి తలుపులు మధ్యాహ్నం వేసేస్తారు, కాబట్టి ద్రాక్షారామం పదకొండులోపు చేరాలి. అందుకని నర్సరీలకి గంట మించి ఇవ్వకండి. మొక్క కొంటే వేళ్లచుట్టూ మట్టిగడ్డ ఊడకుండా గోనెపట్టాతో కట్టించండి. మట్టి రాలిన మొక్క రైల్లోనే వాడిపోతుంది. కాకినాడలో అరటాకు భోజనం చేసి సాయంత్రం రైలెక్కండి.

చలి గురించి బెంగ వద్దు. రాత్రి పద్దెనిమిది, ఇరవై డిగ్రీలుంటుంది. పొద్దుటికి శాలువా చాలు.

ప్రశ్న: జనవరిలో వస్తున్నాం. పులస ఎక్కడ బాగుంటుంది? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎక్కడా బాగుండదు, ఎందుకంటే అప్పుడు పులస ఉండదు. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. వరద నీరు వచ్చే జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎదురీదుతుంది, ఆ ఎర్రనీటిలోనే దానికి పులస రుచి వస్తుంది. జనవరిలో మీ ఆకులో వేసేది ఐసులో దాచినదో, సముద్రపు విలసో, బయట రాష్ట్రాల నుంచి వచ్చినదో అయివుంటుంది. ధర మాత్రం పులసదే. చీరమేను మీద కూడా ఆశపెట్టుకోకండి, దీపావళి చుట్టుపక్కల వచ్చి పోతుంది.

ఈ కాలానికి కొరమీను, బొమ్మిడాయిల పులుసు, పండుగప్ప వేపుడు అడగండి. పులుసు నిన్నటిదైతే ఇంకా మంచిది, చింతపండు ముక్కలోకి దిగుతుంది. మాంసం తిననివాళ్లకి ఆవపెట్టిన కంద బచ్చలి ఉంది. రోడ్డు పక్కన తాటి తేగలు కనపడితే ఆపండి. తాజా తేగ విరిస్తే టక్కుమంటుంది, వంగిందంటే పీచే. చీల్చి నడుమనున్న చందమామ ముందు పిల్లల చేతికివ్వండి.

ప్రశ్న: యానాంలో మందు చవకట కదా. కారులో నాలుగు సీసాలు తెచ్చుకుంటే తప్పా? కల్లు ఎక్కడ దొరుకుతుంది? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పే. యానాం చుట్టూ ఆంధ్రే ఉన్నా పుదుచ్చేరి పరిధిలోకి వస్తుంది, పన్నులు వేరు. అందుకే అక్కడ చవక. అదే కారణంతో ఆ సీసా సరిహద్దు దాటితే ఆంధ్రలో పన్ను కట్టని సరుకు అవుతుంది. తనిఖీలో దొరికితే కేసు పెడతారు, బండి కూడా పోవచ్చు. తాగాలనుంటే యానాంలోనే గది తీసుకుని, రాత్రి ఉండి, మర్నాడు కదలండి. లేదా బండి నడిపేవాడు ఆ రోజు ముట్టకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే పరిమితి, ఒక పెద్ద బీరుతోనే దాటిపోయేవాళ్లున్నారు. జనవరి 26న ఆంధ్రలో దుకాణాలు మూసే ఉంటాయి.

కల్లు విషయంలో ఇది ఈతచెట్టు కాలం. తాటికల్లు జనవరి ఆఖరు దాటాక ఊపందుకుంటుంది. పొద్దున చెట్టు దించిన వెంటనే తాగితే తియ్యగా ఉంటుంది. కుండలోనే పులియడం మొదలవుతుంది కాబట్టి మధ్యాహ్నానికి పుల్లబడి మత్తెక్కుతుంది. ప్లాస్టిక్ సీసాలో బిగించి కారులో పెట్టకండి, గ్యాసు పట్టి మూత ఎగిరిపోతుంది. మత్తు వద్దనుకుంటే నీరా అడగండి, కుండకి సున్నం పూయడంతో పులియకుండా ఆగుతుంది. దానికీ చల్లదనం తప్పితే నమ్మకం లేదు. తాగి ఏ రేవులోనూ దిగకండి. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు.

రాజమండ్రి రోజ్‌మిల్క్ చలికాలంలో ఎవరు తాగుతారు అనుకోకండి. మధ్యాహ్నం ముప్పై డిగ్రీల ఎండలో తిరిగాక కోవా వేసిన గ్లాసు మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: పూతరేకులు ఇంటికి చేరేసరికి మెత్తబడిపోతాయి. ఎందుకు? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తేమ. పల్చటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డని బోర్లించిన వేడి కుండమీద లాగితే వచ్చే పొర అది, గాలిలో తేమని ఇట్టే పీలుస్తుంది. మంచు కురిసే పొద్దుట కొట్టు తెరిచి పెట్టిన పెట్టెలోవి కొనకండి. మధ్యాహ్నం, కళ్లెదుట చుట్టినవి తీసుకోండి. వేలితో నొక్కితే గలగలలాడాలి, నెయ్యి వాసన ముందు రావాలి. బెల్లంవి చక్కెర వాటికంటే త్వరగా మెత్తబడతాయి, దూరప్రయాణానికి చక్కెరవే మేలు. గట్టి అట్టపెట్టెలో, చేతి సంచీలో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో పెట్టారా, బయటికి తీసిన పది నిమిషాలకి చెమ్మ పడుతుంది.

తాపేశ్వరం మడత కాజాకి ఈ బెడద లేదు, పాకం కారకుండా నిలువుగా పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: సంక్రాంతికే వస్తే? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రండి, కానీ గది ఇప్పుడే తీసుకోండి. భీమవరం చుట్టుపక్కల పందేలకి వచ్చే జనంతో అద్దెలు చుక్కలంటుతాయి, పైగా ఆ పందేలు చట్టవిరుద్ధం. మీరు కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లిలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలమీద వస్తారు. వెదురు, రంగు గుడ్డలతో కట్టిన ప్రభల్ని వరిచేల నడుమగా భుజాలమీద మోసుకొస్తారు. గంగలకుర్రు వాళ్లు కౌశిక నది నీళ్లలో దిగి దాటిస్తారు, చూడాల్సింది ఆ ఘట్టమే. తోట దాకా కారు వెళ్లదు, చాలా దూరంలోనే ఆపేస్తారు. పదింటికల్లా అమలాపురం దాటండి, బురదకి పనికొచ్చే చెప్పులు వేసుకోండి, నీళ్లు వెంట ఉంచుకోండి. పొద్దుగూకేదాకా ఉంటే తిరుగు దారి గంటల తరబడి ఇరుక్కుపోతుంది. ఆ రాత్రి బస అమలాపురంలోనే చూసుకోండి.