నౌపడ–గుణుపూర్ రైలు మార్గం ఎవరిది?

నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే లైను ఒడిశాది కదా, శ్రీకాకుళం జిల్లా చరిత్రలో దానికి చోటెందుకు అని అడిగారు. మా అమ్మమ్మగారిది పాతపట్నం దగ్గరి పల్లె. వేసవి సెలవులు వస్తే నౌపడలో పెద్ద రైలు దిగి, పక్కనే నిలబడి ఉండే చిన్న రైలు ఎక్కేవాళ్ళం. కాబట్టి నా జవాబు కాస్త గట్టిగానే ఉంటుంది: అది మన జిల్లా చరిత్రే.

ఆ లైను మొదలైంది 1900 ఏప్రిల్ 1న. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోవే. 1890లలో తీరం వెంబడి వేసిన పెద్ద లైను నౌపడ మీదుగా పోయింది. పర్లాకిమిడి మాత్రం దానికి 40 కిలోమీటర్ల దూరాన ఉండిపోయింది. అక్కడి రాజా గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో పట్టాల మధ్య రెండున్నర అడుగుల దూరం ఉండే నేరోగేజి లైను వేయించారు. అదంతా రాజుగారి సరదా అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. మొదట్లో నష్టాలు వచ్చినా రైలు ఆపలేదు. 1910 తరువాత కొద్దికొద్దిగా లాభం కనబడింది, 1920లలో అది పెరిగింది. ఆ ధైర్యంతోనే 1931 నాటికి లైను గుణుపూర్ చేరింది.

సరిగ్గా 36 ఏళ్ళకు, అదే ఏప్రిల్ 1న, 1936లో ఒడిశా ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండు ఊళ్ళకూ నడుమ ఉన్నది మహేంద్రతనయ నది ఒక్కటే. దశాబ్దాలపాటు పర్లాకిమిడిలో ఉండి సవర గిరిజనుల భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ విభజనను సహించలేక రాజమండ్రికి తరలిపోయారు. రైలు మాత్రం ఎప్పటిలాగే రెండు వైపులా తిరిగింది. మొదట వేసిన నౌపడ–పర్లాకిమిడి భాగంలో దాదాపు అంతా ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. పటం చూస్తే మీకే తెలుస్తుంది.

నా చిన్నతనంలో బొగ్గింజనే లాగేది. కిటికీలో తల పెడితే నుసి కళ్ళలో పడేది, అమ్మ కొంగుతో తుడిచేది. ఇరుకు పెట్టెల్లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగిలేవి. కూరగాయల గంపలతో ఆడవాళ్ళు, సంతకు పోయే సవరలు, పెళ్ళి సామాన్లతో బంధువులు ఎక్కేవారు. ఒకే బల్ల మీద తెలుగు, ఒడియా, సవర మాటలు వినబడేవి. టెక్కలి, టెంబూరు దాటుతుంటే కొండలు దగ్గరయ్యేవి. తరువాత డీజిల్ ఇంజను వచ్చింది.

బ్రాడ్‌గేజి కోసం 2004లో నేరోగేజిని మూసేశారు. పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపూర్ దాకా 2011లో కొత్త పట్టాల మీద రైళ్ళు మొదలయ్యాయి. మధ్యలో ఆరేడేళ్ళు ఆ పల్లెలు బస్సులనే నమ్ముకున్నాయి. చిన్న రైలు పోయినందుకు బాధ ఉన్నా గేజి మార్పు మంచిదే అంటాను. ఇప్పుడు గుణుపూర్‌లో ఎక్కితే నౌపడలో మూటలు దింపుకోకుండా నేరుగా విశాఖలో దిగవచ్చు. ఆసుపత్రి పని మీద వచ్చే కొండ ప్రాంతాల వాళ్ళకు అది ఎంత ఊరటో ఆ రైల్లో ఒకసారి ప్రయాణిస్తే మీకూ అర్థమవుతుంది.

మీరు జిల్లా చరిత్ర రాస్తున్నట్లయితే పాతపట్నం, టెంబూరు స్టేషన్ల దగ్గరి పెద్దవాళ్ళతో ముందుగా మాట్లాడండి. నేరోగేజి మీద పనిచేసినవాళ్ళలో కొందరైనా ఇంకా అక్కడే ఉండాలి.