రెండోసారి పెడితే పాసయ్యే బోర్డులు: లోపం ప్రోబ్ కొన దగ్గర వెతకండి

పరీక్షలో ఫెయిలైన సర్క్యూట్ బోర్డును, దాన్ని బిగించి పరీక్షించే ఫిక్స్చర్‌లోంచి తీసి మళ్ళీ పెడితే పాసవుతోందని, బోర్డును తాకే స్ప్రింగ్ సూదులైన ప్రోబులన్నీ మార్చినా వారం తిరగకుండానే అదే సమస్య మొదలైందని మీరు రాశారు. ఈ లక్షణాన్ని బట్టి లోపం సర్క్యూట్‌లో కాక, ప్రోబ్ కొనకూ, అది తాకే లోహపు చుక్క అయిన టెస్ట్ ప్యాడ్‌కూ మధ్య ఉందని నా అభిప్రాయం.

ఈసారి ఫెయిలైన బోర్డును వెంటనే మళ్ళీ పరీక్షించకుండా, ఆ ప్యాడ్‌ను భూతద్దం కింద చూడండి. కొన దిగిన గుంట మధ్యలోనే ఉండి, చుట్టూ జిగురులాంటి పొర కనిపిస్తే అది నో-క్లీన్ ఫ్లక్స్ (టంకం వేశాక కడగకుండా వదిలేసే రసాయనం) మిగిల్చినదే. గుంట అంచుకు జరిగి ఉంటే బోర్డును సరైన చోట నిలిపే టూలింగ్ పిన్నులు అరిగాయేమో చూడాలి. గుర్తే లేకపోతే ప్రోబ్ తగినంత నొక్కుకోవడం లేదు. పూర్తి ప్రయాణం (నొక్కుకోగల దూరం) 6.35 మి.మీ. ఉన్న ప్రోబు అందులో సుమారు మూడింట రెండు వంతులు, అంటే 4.2 మి.మీ. వరకు దిగాలి. వ్యాక్యూమ్ గ్యాస్కెట్ (బోర్డును గాలి పీల్చి కిందికి లాగేటప్పుడు గాలి చొరకుండా ఆపే అంచు) ఒక మూల లీకైతే, ఆ మూలలోని ప్రోబులే ముందుగా మొరాయిస్తాయి.

ఫ్లక్సే కారణమైతే కిరీటపు కొనలు వద్దు, వాటి పళ్ళ సందుల్లో అది ఇరుక్కుపోతుంది. చదునైన ప్యాడ్లకు ఒంటి మొన ఉన్న పదునైన కొన, కొంచెం గట్టి స్ప్రింగ్ వాడండి. అయితే వందల ప్రోబుల ఒత్తిడి కలిస్తే బోర్డు వంగి సెరామిక్ కెపాసిటర్లు పగిలే ప్రమాదం ఉంది కనుక, బోర్డు వంగకుండా అవతలి వైపు నుంచి ఆనించే ఊతలను సరిచూసుకున్నాకే మార్చండి. కొనలను పొడి బ్రష్‌తోనే శుభ్రం చేయాలి. ఒకప్పుడు నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ధారాళంగా పోస్తే, కరిగిన ఫ్లక్స్ స్ప్రింగ్ ఉండే గొట్టాల్లోకి దిగి ప్రోబులు బిగుసుకుపోయాయి.