పికప్‌కి థ్రాటిల్ కంట్రోలర్ పెడితే ఘాటీలో లాగుతుందా? నేను కొని వాడిన అనుభవం

జయపురం నుంచి ఒక బ్రదర్ అడిగారు, సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ పికప్ తీసుకున్నాను, యాక్సిలరేటర్ తొక్కితే కాసేపాగి గానీ కదలట్లేదు, సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు లోడు మీద మరీ ఏడుస్తోంది, ఆన్‌లైన్‌లో థ్రాటిల్ కంట్రోలర్ అని అమ్ముతున్నారు కదా అది పెడితే లాగుడు పెరుగుతుందా, డబ్బులు దండగా అని.

నేనుండేది ఒడిశాలో కోరాపుట్ జిల్లా సిమిలిగూడ. ఇక్కడి అల్లం, క్యాబేజీ ఎత్తి సాలూరు, విజయనగరం దింపడం, తిరుగులో సిమెంటో కిరాణా సరుకో వేసుకుని పైకి రావడం, తొమ్మిదేళ్లుగా ఇదే మా బతుకు. మీరు చెప్పిన బాక్స్ నేను 18 వేలు పెట్టి కొన్నాను, ఏడు నెలలు వాడాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది, ఎందుకంటే సరిగ్గా మీలాగే ఆలోచించి నేను డబ్బులు పోగొట్టుకున్నాను, మీవి పోకూడదు.

లోడు మీద ఘాటీ ఎక్కడానికి అయితే అది పనికిరాదు బ్రదర్, ఆగండి. ఖాళీ బండితో టౌన్లో తిరిగేవాళ్లకి, అందులోనూ ఆటోమేటిక్ గేర్ బండి ఉన్నవాళ్లకి తొక్కడం కొంచెం హాయిగా ఉంటుంది, అది నిజమే. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పాత పికప్‌లలో పెడల్ నుంచి డీజిల్ పంపు దాకా యాక్సిలరేటర్ వైరు ఉండేది, తొక్కితే వైరు లాగేది, పంపు పోసేది, మధ్యలో ఇంకెవరూ లేరు. అలాంటి బండికి ఈ బాక్స్ తగిలించడానికే కుదరదు. కామన్ రైల్ ఇంజన్లు, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం డీజిల్ పోసే ఇంజన్లు వచ్చాక ఆ వైరు పోయి పెడల్ దగ్గర సెన్సర్ వచ్చింది. మీరెంత తొక్కారో అది వోల్టేజీ రూపంలో ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి పంపుతుంది, అదీ ఒకటి కాదు రెండు సిగ్నళ్లు, చాలా బళ్లలో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది. ఒకటి పాడైనా బండి దానంతటది పరిగెత్తకుండా ఆ ఏర్పాటు, రెండిటికీ లెక్క కుదరకపోతే ఈసీయూ వెంటనే చెక్ ఇంజన్ లైటు వేసి బండిని లింప్ మోడ్‌లో పడేస్తుంది, అంటే ఇల్లు చేరేంత పవర్ మాత్రమే ఇస్తుందన్నమాట. థ్రాటిల్ కంట్రోలర్ పెడల్ ప్లగ్గుకీ బండి వైరింగ్‌కీ మధ్య కూర్చుంటుంది. మీరు 20 శాతం తొక్కితే 40 శాతం తొక్కారని ఈసీయూకి చెప్తుంది. ఆ బాక్స్ చేసే పని మొత్తం ఇంతే. మీరు నేలకి ఆనించి తొక్కినప్పుడు బాక్స్ ఉన్నా 100 శాతమే, లేకపోయినా 100 శాతమే, 110 అని చెప్పడానికి దానికి దారి లేదు. డీజిల్ ఎక్కువ పోయించదు, ఇంజన్లోకి గాలి తోసే టర్బో ప్రెషర్ పెంచదు, ఒక్క హార్స్ పవర్ కూడా కొత్తగా పుట్టదు.

డీజిల్ బండిలో ఇంకో మెలిక ఉంది. పెట్రోల్ బండి అయితే పెడల్ తొక్కగానే థ్రాటిల్ బాడీలో రేకు తెరుచుకుంటుంది, గాలి లోపలికి పోతుంది, కాబట్టి అక్కడ తేడా కొంచెం ఎక్కువ తెలుస్తుంది. డీజిల్‌లో మనం తొక్కేది అర్జీ పెట్టుకోవడం లాంటిది, నాకింత లాగుడు కావాలి బాబూ అని. ఈసీయూ ఆ అర్జీ తీసుకుని, ఇప్పుడు ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత, టర్బో ఎంత గాలి తోస్తోంది, ఈ గాలికి ఎంత డీజిల్ పోస్తే నల్ల పొగ రాకుండా మండుతుంది అని లెక్క కట్టి అంతవరకే పోస్తుంది. గాలి లేనప్పుడు ఎంత గట్టిగా అడిగినా ఇవ్వదు. బొలెరో పికప్‌నే తీసుకోండి, 2523 సీసీ ఇంజన్, 200 న్యూటన్ మీటర్ల టార్క్, అది వచ్చేది 1400 నుంచి 2200 ఆర్‌పీఎమ్ మధ్య. ఘాటీ మలుపు దగ్గర మీరు పై గేర్లో ఉండి ఆర్‌పీఎమ్ వెయ్యికి పడిపోయాక బాక్స్ ఎంత అరిచినా టర్బో తిరగడానికి పట్టే టైము పట్టాల్సిందే.

ఇప్పుడు ఘాటీలో మీ కాలు ఎక్కడుంటుందో గుర్తు తెచ్చుకోండి. కోనవలస దాటాక ఎక్కుడు మొదలైతే, లోడు మీద ఉన్నవాడి కాలు నేలకి అతుక్కునే ఉంటుంది కదా. అప్పుడు బాక్స్ దగ్గర ఇవ్వడానికి ఏముంది?

నాకిది కొన్నాక తెలిసింది. పెట్టిన రోజు సిమిలిగూడ బజార్లో ఖాళీ బండి తిప్పితే బండి మళ్లీ పుట్టిందనిపించింది, కాలు పెడితే చాలు దూకుతోంది, ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను డబ్బులు వసూలయ్యాయి అని. మూడో రోజు సాలూరులో పాతిక బస్తాల సిమెంటు, పైన కొంచెం కిరాణా వేసుకుని బయల్దేరాను, బాక్స్‌ని అన్నిటికంటే పై సెట్టింగ్‌లో పెట్టాను. ముందు ఏ మెలిక దగ్గర రెండో గేర్లో పడేదో అక్కడే పడింది, అదే నల్ల పొగ, అదే నత్త నడక, వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. నమ్మలేక మర్నాడు కోరాపుట్ రోడ్డు మీద చదునుగా ఉన్నచోట మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టి ఫోన్లో టైము కొట్టించాను, మూడో గేర్లో 40 నుంచి 70 దాకా, పెడల్ పూర్తిగా తొక్కి. బాక్స్ పీకేసి రెండుసార్లు, పెట్టి రెండుసార్లు. నాలుగుసార్లూ 15 సెకన్లకి అటూ ఇటూ, తేడా అంతా వాడి వేలు నొక్కడంలోనే ఉంది.

అసలు రోగం ఇంకోచోట ఉందని బయటపడింది నెలన్నర తర్వాత. కోరాపుట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఒడియా మిస్త్రీ, పాత జీపుల కాలం నుంచి చేస్తున్నారు. బ్రేక్ లైనింగ్ కోసం వెళ్తే, పొగ చూసి ఆయనే బానెట్ ఎత్తమన్నారు. నన్ను రేస్ ఇవ్వమని, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచేది) పోయే రబ్బరు గొట్టం చుట్టూ చెయ్యి తిప్పి, క్లాంప్ దగ్గర ఆపి "పబన లిక్ హఉచి" అన్నారు, గాలి లీకవుతోందని. విప్పి చూస్తే క్లాంప్ కింద బొటనవేలంత పొడుగు చీలిక, చుట్టూ ఆయిల్ తడి. ఐడిల్‌లో ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది, శబ్దం కూడా రాదు, టర్బో గాలి నింపేటప్పుడే నోరు తెరుస్తుంది, అంటే సరిగ్గా మనకి లాగుడు కావాల్సిన టైములో గాలంతా బయటికి పోతోందన్నమాట. ఎయిర్ ఫిల్టర్ తీస్తే ఈ కొండల ఎర్ర దుమ్ము గట్టిగా పట్టేసి ఉంది. గొట్టం, క్లాంప్, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపి 2,600 అయ్యింది. ఆ వారమే అదే సిమెంటు లోడుతో అదే మెలికలు మూడో గేర్లో ఎక్కాను, పొగ లేదు. బండి ఆపి దిగి సైలెన్సర్ వైపు చూశాను, కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది, ఏడాదిగా ఇంజన్ అయిపోయింది, బోరు చేయించాలి, అప్పు ఎక్కడ తేవాలి అని రాత్రిళ్లు నిద్ర లేదు మాకు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. వానాకాలంలో పొట్టంగి వైపు ఒక ఊళ్లో తడి ఏటవాలు మీద రివర్స్ తీస్తున్నాను, బాక్స్ పై సెట్టింగ్‌లోనే ఉంది. కాలు కొంచెం ఆనించానో లేదో బండి గబుక్కున వెనక్కి దూకింది, క్రేట్లు జరిగి లోడింగ్ కుర్రాడి వేళ్లు నలిగాయి. విరగలేదు, కానీ వాడు పది రోజులు పనికి రాలేకపోయాడు, ఆ పది రోజుల కూలీ నేనే ఇచ్చాను. బండి మీద మనుషులుండే పనికి అంత చురుకు పెడల్ ప్రమాదం అని అప్పుడు అర్థమైంది. గతుకుల రోడ్డు మీద కూడా అంతే, బండి ఎగిరినప్పుడు మన కాలు కూడా పెడల్ మీద ఎగురుతుంది కదా, ఆ చిన్న కదలికని బాక్స్ రెండింతలు చేసి పంపుతుంది, బండి కుక్కుకుంటూ నడుస్తుంది. కంపెనీవాళ్లు లోడు బండి పెడల్‌ని మొదట్లో మెత్తగా ఉంచేది ఇందుకే. ఒక్కసారిగా టార్క్ పడితే చక్రాలకి పవర్ చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, డిఫరెన్షియల్, క్లచ్ అన్నీ దెబ్బ తింటాయి, పొగ కూడా ఎక్కువొస్తుంది.

మరి బాగుందనేవాళ్లందరూ అబద్ధం చెప్తున్నారా అంటే, లేదు. రాయగడలో మా బావకి ఆటోమేటిక్ పికప్ ఉంది, ఇంటి వాడకం, లోడు ఎప్పుడో గానీ వెయ్యడు. నా బాక్స్ తీసేశాక ఆయన బండికి సరిపోయేది ఇంకోటి తెప్పించుకున్నాడు, మధ్య సెట్టింగ్‌లో వాడుతున్నాడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేర్ తొందరగా కిందికి దిగుతోందని సంతోషంగా ఉన్నాడు. అది నిజమే, పెడల్ ఎక్కువ తొక్కారని సిగ్నల్ వెళ్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా ముందుగానే కదులుతుంది. టొయోటా హైలక్స్‌లో అయితే కంపెనీయే ఈకో, పవర్ అని బటన్లు ఇస్తుంది, అలాంటి బండికి బయట బాక్స్ అవసరమే లేదు. మాన్యువల్ గేర్ లోడు బండికీ దానికీ పోలిక పెట్టుకోకండి.

మైలేజీ గురించి అమ్మేవాళ్లు ఈకో మోడ్ అని చెప్తారు, అది పెడల్‌ని మొద్దుగా చేస్తుంది, అంతకంటే ఏమీ లేదు, మనమే కాలు కొంచెం అదుపులో పెట్టుకున్నా అదే ఫలితం. నాకు ట్యాంకు ఫుల్ చేసి లెక్క కడితే బాక్స్ లేనప్పుడు లీటరుకి 11.8 కిలోమీటర్లు వచ్చేది, బాక్స్ స్పోర్ట్ మోడ్‌లో 11.1కి పడింది.

కొంతమంది దీన్నీ రీమ్యాప్‌నీ ఒకటే అనుకుంటున్నారు. రీమ్యాప్ అంటే ఈసీయూలో లెక్కలే మార్చడం, డీజిల్, టర్బో ప్రెషర్ నిజంగా పెరుగుతాయి, లాగుడు కూడా నిజంగానే పెరుగుతుంది. కానీ ఆ భారం క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద, టర్బో మీద పడుతుంది, వారంటీ చిక్కులొస్తాయి, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్‌6 బండి అయితే పొగ శుభ్రం చేసే ఫిల్టర్ వ్యవస్థ మీద కూడా ప్రభావం ఉంటుంది. బండి మీద బతికేవాళ్లకి నేను చెప్పను.

మీరు ముందు పైసా ఖర్చు లేని ఒక పని చెయ్యండి. ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్లో, ఆర్‌పీఎమ్ 1500 దగ్గర ఉన్నప్పుడు పెడల్ నేలకి ఆనించి తొక్కండి. బండి చక్కగా లాక్కుపోతే ఇంజన్ బాగున్నట్టే, పెడల్ మొదట్లో మెత్తగా ఉందంతే, మీరు ఇంకొంచెం ఎక్కువ తొక్కడం అలవాటు చేసుకుంటే చాలు, బాక్స్ చేసేది కూడా అదే. పూర్తిగా తొక్కినా చచ్చుగా ఉంటే మాత్రం లోపల ఏదో లోపం ఉంది, దాన్ని బాక్స్ దాచలేదు కూడా. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్ మాట నమ్మకుండా రెండూ మార్చేయండి. పై గేర్లో తొక్కినప్పుడు ఆర్‌పీఎమ్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. పది కిలోమీటర్లు నడిపి దిగి నాలుగు చక్రాల దగ్గరా జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి, ఒకటే బాగా కాలుతుంటే ఆ బ్రేకు పట్టేస్తోంది, సెకండ్ హ్యాండ్ బళ్లలో ఇది చాలా మామూలు. ఇక ఘాటీలో గేర్ మెలిక మధ్యలో మార్చకండి, మెలికకి ముందే దింపేసి 1500కి తగ్గకుండా లాగించండి.

గొట్టాలు మాత్రం క్లాంప్ విప్పించి చూడండి, పైపైన చూస్తే కనపడదు. స్కానర్ ఉన్నచోటికి వెళ్తే, బండి నడుపుతూ ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో గాలి ప్రెషర్) ఎంత, నిజంగా వచ్చిన బూస్ట్ ఎంత రెండూ పక్కపక్కన చూపించమనండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే గొట్టాలు బాగున్నట్టు, అడిగిందానికంటే వచ్చింది బాగా తక్కువుంటే గాలి ఎక్కడో పోతోంది.