మగ్గం సామాన్లకు గోల్డ్ స్ప్రే కొట్టేదా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ధర్మవరంలో మా తాత మగ్గం తీసేసినాక మిగిలిన నాడెలు (నేసేటప్పుడు దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయేవి), దారం చుట్టే కండెలు, చీర డిజైన్ కోసం మగ్గానికి పెట్టే చిల్లుల జకార్డ్ అట్టలు, గుజిరీ అంగట్లో దొరికిన సైకిల్ చెయిన్, పాత గొళ్లేలు అన్నీ ప్లైవుడ్ మీద అతికించి గోడకు పెట్టాలని చూస్తాండా. చెక్క గమ్ పెడితే ఇనుపవి ఊడిపోతాండాయి. అంతా ఒకటిగా కనపడాలంటే గోల్డ్ స్ప్రే కొట్టేయమంటాండారు ఫ్రెండ్స్, కొట్టేదా?

జవాబు: వద్దు తల్లీ. ఒకే రంగు వేయడం తప్పని కాదు, లూయిస్ నెవెల్సన్ అని అమెరికా శిల్పి ఒకామె చెక్కముక్కల్ని పెట్టెల్లో పేర్చి మొత్తం నలుపు వేసేది, 1958లో చేసిన ‘స్కై కెథడ్రల్’ అట్లాంటిదే, కానీ ఆమెకు కావాల్సింది ఆకారాలు, నీడలు. నీ దగ్గరున్న నాడె సంగతి వేరే కదా, ఏళ్ల తరబడి అటూ ఇటూ ఉరికి దాని అడుగు ఎంత నున్నగా అయిపోయి ఉంటుందో ఒకసారి వేలితో రాసి చూడు, స్ప్రే కొడితే మీ తాత పనంతా ఆ రంగు కిందికి పోతుంది.

ఇంకోటి, సామాన్లు ఎక్కువైనాయి. పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్ రెండే కలిపి ఎద్దు తల చేసినాడు, సీటు సీటులాగే ఉంటుంది, ఎద్దూ కనిపిస్తుంది. నేనైతే చెయిన్, గొళ్లేలు పక్కన పెట్టేసి మగ్గానివే వాడతా. జకార్డ్ అట్టల్ని ప్లైవుడ్‌కు అంటించేయకుండా వెనక రెండంగుళాల గ్యాప్ వదిలి వేలాడదీయి, పక్క నుంచి లైట్ పడితే ఆ చిల్లుల నీడలు బోర్డు మీద చుక్కలు చుక్కలుగా పడతాయి, అదే నీ డిజైన్ అయిపోతుంది. ఏదీ అతికించకముందు నేల మీద పరిచి, జరుపుతా ఫోన్లో ఫొటోలు తీసుకో.

గమ్ సంగతికొస్తే, చెక్క గమ్‌లో నీళ్లుంటాయి, వాటిని చెక్క పీల్చుకుంటేనే అది గట్టిపడి పట్టుకుంటుంది, ఇనుము పీల్చదు. బరువైనవాటికి వెనక నుంచి సన్న తీగె కట్టు, లేదా స్క్రూ వేయి, చిన్నవాటికి రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ చాలు, కాకపోతే తుప్పు మీద పెడితే తుప్పుతో సహా ఊడుతుంది, అతికే చోట గీకి తుడిచి పెట్టాల. పాత పెయింట్ ఉన్నవేమైనా ఉంటే పొడిగా రుద్దొద్దు, అందులో సీసం ఉండొచ్చు, తడిపి, మాస్క్ పెట్టుకొని రుద్దు. నాడెల్లో పురుగు తొలిచిన సన్న రంధ్రాలు, పిండి లాంటి పొడి కనిపిస్తే మాత్రం వాటిని బోర్డుకు ఎక్కించొద్దు, ముందు పురుగు మందు పట్టించి బాగా ఆరనీయి.