శాలువా వద్దు, కాగితం రాయండి

ప్రశ్న: మా పాపకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లల వార్డులో ఒక నర్సు చాలా బాగా చూసుకున్నారు. ఆమెకు సన్మానం లాంటిది ఏదైనా చేయాలని ఉంది. డబ్బు ఇవ్వొచ్చా, చీర పెట్టొచ్చా, ఏదైనా అవార్డుకు పేరు పంపొచ్చా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళెవరైనా చెప్పండి.

జవాబు:

మా వైపు వాళ్ళను పిలిచారు కాబట్టి నేను పలకాల్సిందే. మాది పాకాల దగ్గర పల్లె, కాపురం తిరుపతిలో. ఈ విషయంలో నాకు అభిప్రాయాలు కాస్త ఎక్కువే ఉన్నాయి, ఓపిక ఉంటే చదవండి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఇవ్వొద్దు. మా ఆడబిడ్డ కాన్పుకు వెళ్ళిన ఒక ఆసుపత్రిలో (ఏ ఊరో, ఏ ఆసుపత్రో అడక్కండి) బిడ్డను బయటికి తెచ్చి చూపించడానికి కూడా చెయ్యి చాపారు. మగబిడ్డయితే ఒక రేటు, ఆడబిడ్డయితే ఇంకో రేటు. అలా పీడించి తీసుకునేవాళ్ళకు ఇచ్చే నోటే, అడగకుండా పనిచేసిన మనిషి చేతిలోనూ పెడితే ఇద్దరినీ ఒకే గాటన కట్టినట్టు కాదా? చీర సంగతి తర్వాత చెప్తాను.

మా చిన్నోడికి అప్పుడు ఏడాదిన్నర. అక్టోబరు వానలు పడి, ఖాళీ స్థలాల్లో నీళ్ళు నిలిచి, మా వీధిలో ఇంటికో జ్వరం పడకేసింది. వాడికీ వచ్చింది, పరీక్ష చేస్తే డెంగీ అన్నారు. ఆసుపత్రిలో చేర్చాం. క్యాజువాల్టీలో ఒకబ్బాయి నరం కోసం వాడి రెండు చేతులూ పొడిచి, దొరకలేదని వార్డుకు పంపించేశాడు. కాస్త ఒళ్ళున్న పసిపిల్లలకు నరం దొరకడం ఎంత కష్టమో మీకూ తెలిసే ఉంటుంది. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

వార్డులో ఉన్న నర్సు పేరు రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు. నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకునేవారు. వాడి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్ది వెచ్చబరిచారు. లైటు ఆర్పమని, ఫోన్ టార్చి వాడి అరచేతి కింద పెట్టమని నాకు చెప్పారు. ఆ వెలుతురుకి చెయ్యంతా ఎర్రగా అయిపోయి మధ్యలో సన్నటి నల్ల గీత కనబడింది. అదీ నరం. పసిపిల్లలకు వాడే పసుపు రంగు సూది, 24 నంబరుది, ఒక్కసారికే ఎక్కింది. తర్వాత గ్లవుజుల డబ్బా అట్ట కత్తిరించి, దానికి గుడ్డ చుట్టి, వాడు చెయ్యి మడవకుండా కింద కట్టుగా పెట్టి ప్లాస్టరు వేశారు. ప్లాస్టరు మీద పెన్నుతో తేదీ, టైము రాశారు. "అబ్బోడా, అయిపోయిందిలే, ఇంకెవురూ పొడవర్లే" అన్నారు. వాడికి ఏం అర్థమైందో గానీ ఏడుపు ఆపాడు.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాట విని మా అత్త నోరెళ్ళబెట్టింది. డైపర్లు పారేయొద్దమ్మా, అన్నీ దాచి నాకివ్వండి అన్నారు. ముందు ఒక పొడి డైపరు తూచి బరువు రాసుకున్నారు. తడిసినది ప్రతిదీ తూచి, అందులోంచి పొడి బరువు తీసేసి, మిగిలింది పుస్తకంలో ఎక్కించారు. ఒక గ్రాము పెరిగితే ఒక మిల్లీలీటరు ఉచ్చ పోసినట్టు లెక్క. "ఉచ్చ కూడా తూకమేస్తారా తల్లీ!" అంది మా అత్త. "పది కిలోల బిడ్డ అవ్వా, గంటకు పది మిల్లీలీటర్లయినా పొయ్యాల. పొయ్యలేదంటే ఒంట్లో నీళ్ళు వేరే దోవ పట్టినట్టే" అన్నారు ఆవిడ. నేను బీఎస్సీ చదివాను, ఇంత సులువుగా నాకెవరూ ఏదీ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డెంగీ అనగానే మన బంధువులందరికీ ప్లేట్‌లెట్లు తప్ప ఇంకేమీ కనబడవు. పొద్దున లేస్తే క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఎంతకొచ్చినాయి?" అని ఫోన్లు. ఒకాయన బొప్పాయి ఆకు రసం సీసాతో వార్డు దాకా వచ్చేశాడు, ఏడాదిన్నర బిడ్డకు పొయ్యమని. ఆ చేదు పోస్తే తాగిన పాలు కూడా బయటికొచ్చేవి. డెంగీలో మనిషిని తీసుకుపోయేది చాలాసార్లు ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. ఆ సంగతి నాకు డాక్టరు కంటే ముందు ఆవిడే చెప్పారు. సీసాను కూడా ఆవిడే నవ్వుతూ తీసి పక్కన పెట్టారు, ఆయనకు కోపం రాకుండా.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. సాయంత్రానికి జ్వరం దిగిపోయింది. థర్మామీటరు పెడితే మామూలుగా ఉంది. మా అత్త గంగమ్మకు మొక్కుకున్న మొక్కు గురించి మాట్లాడుతోంది, మా ఆయన ఇంటికెళ్ళి స్నానం చేసొస్తానని బయల్దేరాడు. వాడు కూడా గొడవ చేయకుండా పడుకున్నాడు. మేమంతా ఊపిరి పీల్చుకుంటే ఆవిడ మొహంలో మాత్రం టెన్షన్ మొదలైంది. "జ్వరం తగ్గింది కదా అని సంబరపడొద్దమ్మా. ఈ జబ్బులో తగ్గినాకనే చూసుకోవాల" అన్నారు.

గంటకోసారి రావడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతిసారీ చేసే పని ఒకటే. వాడి వేలి కొన నొక్కి పట్టుకుని వదిలేస్తారు. నొక్కినచోట తెల్లబడుతుంది, మళ్ళీ ఎర్రబడాలి. రెండు సెకన్లలోపు ఎర్రబడితే మంచిది. తర్వాత పాదాలు ముట్టుకుంటారు. అర్ధరాత్రి దాటాక వేలు నొక్కి వదిలితే ఆ తెలుపు పోవడం లేదు. పాదాలు చల్లగా ఉన్నాయి, ఒళ్ళు మాత్రం మామూలుగానే ఉంది. డైపరు తూచారు, దాదాపు పొడిగా ఉంది. బీపీ చూశారు, పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా ఇరవైకి దిగిపోయింది. నిద్రపోతున్నాడని నేననుకుంటున్న బిడ్డ నిజానికి నీరసంతో వాలిపోయి ఉన్నాడు.

డ్యూటీ డాక్టరు ఇంకో వార్డులో వేరే బిడ్డ దగ్గర ఉన్నాడు. ఆవిడ ఫోన్ చేసి చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తే: "సార్, ఏడో బెడ్డు. కాళ్ళు చల్లబడినాయి, యూరిన్ లేదు, బీపీ దగ్గర పడింది. మీరు వస్తా ఉండామంటేనే నేను ఫోన్ పెట్టేది." ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు, చూశాడు, సెలైన్ స్పీడు మార్చి రాశాడు, రక్తం పరీక్షకు పంపించాడు. వెళ్ళిపోయాడు, ఆయనకు అవతల ఇంకో బిడ్డ ఉంది. ఆ తర్వాత తెల్లారేదాకా పావుగంటకోసారి వేలు నొక్కుతూ, పాదాలు పట్టుకుంటూ, చుక్కలు లెక్కపెడుతూ ఉన్నది ఆవిడే. పాదాలు వెచ్చబడ్డాక నాచేత ముట్టించి చూపించారు. మర్నాడు సెలైన్ తగ్గించేటప్పుడూ అంతే జాగ్రత్త. కారిపోయిన నీరు మళ్ళీ రక్తంలోకి తిరిగొచ్చే సమయంలో సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుందట.

పిల్లల వార్డుల్లోంచి బతికి బయటపడే బిడ్డల్లో సగం మంది నర్సుల కళ్ళ వల్లే బతుకుతున్నారని నా లెక్క. ఎక్కడ చదివావని అడిగితే నా దగ్గర కాగితం లేదు, ఆ వార్డులో పడుకున్న తల్లిని, అంతే. పెద్దవాళ్ళయితే ఆయాసంగా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి అని చెప్పుకుంటారు. ఏడాదిన్నర బిడ్డ ఏం చెప్తాడు? చూసేవాళ్ళు చూడాలి.

డిశ్చార్జి రోజు ఏం జరిగిందో మీరు ఊహించగలరు. మా వాళ్ళంతా డాక్టరు రూముకెళ్ళి దండాలు పెట్టి, లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టి, "మీరే దేవుడు సార్" అనేసి వచ్చారు. ఆయన మంచివాడే, నాకేం కోపం లేదు. కానీ ఆవిడ నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయారు. ఏ వార్డులోనైనా ఇంతే, థాంక్స్ చెప్పే వేళకు రాత్రంతా మేలుకున్న మనిషి అక్కడ ఉండదు.

మన చిత్తూరు వాళ్ళు పెద్ద జబ్బంటే చాలు రాయవేలూరు (వెల్లూరు) సీఎంసీ ఆసుపత్రికి బస్సెక్కేస్తారు. అక్కడి డాక్టర్ల గొప్పతనం గురించి గంటలు గంటలు చెప్తారు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ నర్సుల బడి పెట్టింది 1909లో, డాక్టర్ల బడి పెట్టింది 1918లో. అంటే ఆ మహాతల్లికి ముందు ఎవరు కావాలో తెలుసు. మనకే ఇంకా తెలియలేదు.

ఇక మీరడిగిన అవార్డులు. కేంద్ర ప్రభుత్వం 1973 నుంచి నేషనల్ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు ఇస్తోంది. రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం, ప్రశంసాపత్రం, లక్ష రూపాయలు. గొప్పదే, కాదనను. కానీ 2024లో దేశం మొత్తానికి 15 మందికి ఇచ్చారు. మీ వార్డు సిస్టర్ వంతు ఎప్పుడు రావాలి? మే 12న నర్సుల దినోత్సవం, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. ఆ రోజుల్లోనే మా తిరుపతిలో గంగజాతర హడావిడి కూడా. నేను చూసిన ఒక నర్సుల దినోత్సవం సభలో కొవ్వొత్తులు వెలిగించి, కేకు కోసి, వచ్చిన ముఖ్య అతిథికి నర్సుల చేతే శాలువా కప్పించారు! ఎవరి రోజు, ఎవరికి శాలువా?

నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. మా చిన్నమ్మ కూతురు విదేశంలో నర్సు, తనే చెప్పింది. అమెరికాలో 1999లో పాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ళ మనిషి ఐటీపీ అనే జబ్బుతో చనిపోయాడు. అది కూడా ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బే. ఆయన్ని చూసుకున్న నర్సులకు కృతజ్ఞత చెప్పాలని ఇంటివాళ్ళు డైసీ అవార్డు పెట్టారు. ఇప్పుడది చాలా దేశాల్లో ఉంది. రోగి గానీ ఇంటివాళ్ళు గానీ ఆ నర్సు ఏం చేసిందో కథలా రాసివ్వాలి, దాన్ని బట్టే ఎంపిక. అవార్డుతో పాటు వార్డులో అందరికీ దాల్చినచెక్క వేసిన తీపి బన్నులు పంచుతారట, పాట్రిక్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అవి తెప్పించుకుని నర్సులకూ పెట్టమన్నాడని. బన్నుల సంగతి ఎలా ఉన్నా, రాసివ్వడం మాత్రం మనకు ఈరోజే చేతనవుతుంది.

నేను అదే చేశాను. ఒక తెల్లకాగితం మీద నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాశాను. "బాగా చూసుకున్నారు, ఎంతో ఓపిక" లాంటి మాటలు రాయలేదు, అవి ఎవరికైనా రాయొచ్చు. ఏ తేదీ, ఏ వార్డు, ఎన్నో బెడ్డు, ఏ షిఫ్టు, వేలు నొక్కి ఏం కనిపెట్టారు, డైపరు బరువు ఎంత వచ్చింది, డాక్టరుకు ఏమని ఫోన్ చేశారు, ఇవి రాశాను. కొన్నాళ్ళకు చిన్నోడిని చెకప్‌కు తీసుకెళ్తే ఆవిడ కనబడ్డారు. సూపరింటెండెంట్ మేడమ్ పిలిచి ఆ ఉత్తరం చదివి వినిపించి, సర్వీసు ఫైల్లో పెట్టించారట. "ఇన్నేండ్ల సర్వీసులో నా ఫైల్లో చేరినవన్నీ మెమోలేనమ్మా, మంచి మాట ఇదే మొదలు" అన్నారు. పక్కనున్న చిన్న నర్సు ఒకమ్మాయి "మాకూ ఎవరన్నా రాయండి మేడమ్" అని నవ్వింది.

నిజమే కదా. ఏదైనా పొరపాటు జరిగితే పేపర్లో "నర్సు నిర్లక్ష్యం" అని పెద్దక్షరాలు పడతాయి, మెమో వస్తుంది, విచారణ జరుగుతుంది. ఒక బిడ్డ బీపీ పడిపోయి షాక్‌లోకి పోకుండా ఆపితే ఎక్కడా ఏమీ పడదు, ఎందుకంటే ఏమీ జరగలేదు కదా!

ఇక చీర సంగతి. అది ఎందుకు వద్దంటానంటే, చీర ఇంటికెళ్తుంది, బీరువాలో ఉంటుంది. పై అధికారికి కనబడదు, ప్రమోషన్ వేళకు అక్కరకు రాదు. పెట్టాలనుంటే పెట్టండి, ఉత్తరం రాశాక.

ఇంకొకటి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. మీరున్న వార్డులో రాత్రిపూట ఎన్ని మంచాలకు ఎంతమంది నర్సులున్నారో మీకు గుర్తుంటే అది కూడా ఉత్తరంలో ఒక లైను రాయండి. పొగిడిన కాగితంలో రాసిన ఫిర్యాదును ఆఫీసర్లు కాస్త శ్రద్ధగా చదువుతారని నా నమ్మకం. ఆ రాత్రి మా వార్డులో మంచాలు చాలక పిల్లలను ఇద్దరిద్దరుగా పడుకోబెట్టారు, నేనూ ఆ లైను రాశాను.

ఇంగ్లీషులో రాయాలేమోనని ఆగొద్దు, నేను తెలుగులోనే రాశాను. డిశ్చార్జి కాగితం ముందు పెట్టుకుంటే తేదీలు, వార్డు అన్నీ అందులోనే ఉంటాయి. సిస్టర్ ఇంటిపేరు తెలియకపోతే షిఫ్టు, తేదీ రాస్తే చాలు, డ్యూటీ చార్టు చూసి వాళ్ళే కనుక్కుంటారు. నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఒకటి, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఒక కాపీ. చేతికిచ్చి వచ్చేయకుండా ఆఫీసులో ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకుని, మీ దగ్గర ఒక జిరాక్సు ఉంచుకోండి. ప్రైవేటు ఆసుపత్రి అయితే డిశ్చార్జి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు, అందులో చుక్కలు పెట్టి సరిపెట్టకుండా వెనకవైపు ఖాళీలో రాయండి.