బాల్డర్స్ గేట్ 3 అయిపోయింది, తర్వాత ఏ ఆర్‌పీజీ?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది పూర్తయింది, మాది ఖమ్మం. అన్నయ్య కంప్యూటర్‌లో బాల్డర్స్ గేట్ 3 పూర్తి చేశాక, ఇలాంటి ఆర్‌పీజీలకు (పాత్రధారణ ఆటలకు) క్వెస్ట్‌లు, అంటే ఆటలోని కథాపనులు, రాసే ఉద్యోగంలోకి వెళ్లాలనిపించింది. ఎనిమిది వారాల సెలవులున్నాయి. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తర్వాత పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ద రైటియస్ ఆడాలా, డిస్కో ఎలీసియం ఆడాలా, ఇంకేదైనా ఉందా? ఆటలాడితే ఉద్యోగం ఎవరిస్తారని నాన్నగారు అడుగుతున్నారు.

జవాబు: ముందు డిస్కో ఎలీసియం ఆడండి. అది అవగానే నెవర్‌వింటర్ నైట్స్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ మొదలుపెట్టండి. రాత్ ఆఫ్ ద రైటియస్ ఈ సెలవులకు వద్దు. కాలక్షేపానికే అయితే మీకు నచ్చినది ఆడుకోమనేవాళ్లం. మీరు క్వెస్ట్‌లు రాస్తానంటున్నారు కాబట్టి, విప్పి చూడటానికి వీలైన ఆట, దాని పనిముట్లతోనే మీ సొంత కథ కట్టుకోవడానికి వీలైన ఆట కావాలి.

రాత్ మంచి ఆటే. ఔల్‌క్యాట్ గేమ్స్ 2021లో తెచ్చింది. పాత్‌ఫైండర్ తొలి ఎడిషన్ నిబంధనలతో నడుస్తుంది, 25 క్లాసులు (పాత్రల వృత్తులు) ఉంటాయి, ఒక్కసారి ముగించడానికే వంద గంటలు దాటుతుంది. రోజుకు రెండు గంటల లెక్కన మీ చేతిలో ఉన్నవి 112 గంటలు. పైగా బాల్డర్స్ గేట్ 3 వాడే డీఅండ్‌డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అయిదో ఎడిషన్ నిబంధనలకు అలవాటుపడినవాళ్లు ఇక్కడ బోనస్‌ల దగ్గర తడబడతారు. షీల్డ్ ఆఫ్ ఫెయిత్ మంత్రం, రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ రెండూ ఇచ్చేది డిఫ్లెక్షన్ బోనసే (దెబ్బ తప్పించే రక్షణకు కలిసే అంకె). అవి కలవవు, రెండింటిలో పెద్దదే లెక్కలోకి వస్తుంది. ఇవి తెలియక యుద్ధాల్లో ఓడిపోవడం, మళ్లీ బిల్డ్ (పాత్ర శక్తుల అమరిక) మార్చుకోవడం, ఇలా సెలవులు కరిగిపోతాయి. రాయడం మాత్రం మొదలవదు.

డిస్కో ఎలీసియం 2019లో వచ్చింది. ఫైనల్ కట్ పేరుతో పూర్తి వాయిస్‌లతో 2021లో మళ్లీ విడుదలైంది, మీరు కొనాల్సింది అదే. డిస్క్‌లో 20 జీబీ పైచిలుకు ఖాళీ ఉంచుకోండి. సెట్టింగులు తగ్గిస్తే మామూలు ల్యాప్‌టాప్‌లోనూ ఆడుకోవచ్చు. విడిగా యుద్ధ వ్యవస్థ లేదు, ఆటంతా సంభాషణలే. మీరు చదవాల్సినవి అందులోని స్కిల్ చెక్‌లు, అంటే పాత్ర నైపుణ్యాన్ని పాచికలతో పరీక్షించే చోట్లు. రెండు పాచికల మొత్తానికి మీ స్కిల్‌ను కలిపి చూస్తారు. రెండు ఒకట్లు పడితే ఎంత నైపుణ్యం ఉన్నా ఓటమే, రెండు ఆరులు పడితే ఎంత కష్టమైనా గెలుపే. తెల్ల చెక్‌లో ఓడితే ఆ స్కిల్‌లో పాయింటు పెట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఎర్ర చెక్‌కు ఒకటే అవకాశం. మౌస్‌ను చెక్ మీద ఉంచితే మీరు ఇంతకుముందు చేసిన ఏ పని వల్ల ఎంత కలిసిందో, ఎంత తగ్గిందో కనబడుతుంది. అక్కడే రచయితల పనితనం అర్థమవుతుంది.

ప్రతి పెద్ద ఎర్ర చెక్ ముందు సేవ్ చేసి, గెలిచిన దారి, ఓడిన దారి రెండూ చూడండి. ఒక షీట్‌లో నాలుగు గడులు గీసుకోండి: ఈ మాట కనిపించడానికి షరతు ఏమిటి, గెలిస్తే ఏం మారింది, ఓడితే ఏం మారింది, ఆ మార్పు తర్వాత ఎక్కడ కనబడింది. ఇలా 20 చెక్‌లు రాస్తే చాలు. ఓటమికి కూడా చదవదగిన సన్నివేశం రాయడం ఈ ఆట గొప్పతనం. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది కూడా దాన్నే.

దీనికి మూడు వారాలు చాలు. మిగతా అయిదు వారాలు నెవర్‌వింటర్ నైట్స్‌కు. బయోవేర్ 2002లో తెచ్చిన ఆట ఇది, బీమ్‌డాగ్ 2018లో మెరుగుపరిచి విడుదల చేసింది. మీ ల్యాప్‌టాప్‌కు పెద్ద భారమేమీ కాదు. కథగా చూస్తే ఆటతో వచ్చే క్యాంపెయిన్ (ప్రధాన కథ) అంత బాగుండదు, మొదటి అధ్యాయం దాకా ఆడి ఆపేయండి. మనకు కావలసింది ఆటతోపాటు వచ్చే అరోరా టూల్‌సెట్, సొంత కథలు కట్టే పనిముట్టు. విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. బాల్డర్స్ గేట్ 3కి కూడా 2024లో టూల్‌కిట్ వచ్చింది కదా అనవచ్చు. కానీ కొత్త లెవెల్స్ కట్టే వీలును ఆ ఆట తీసిన లారియన్ అందులో ఇవ్వలేదు. ఆ ఆటకేమో 150 జీబీ చోటు, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు కావాలి.

టూల్‌సెట్‌లో చిన్న పని పెట్టుకోండి: బయట ఒక ఏరియా, లోపల ఒక గది, ముగ్గురు మనుషులు, ఒక తగాదా, మూడు ముగింపులు. సంభాషణ ఎడిటర్‌లో పాత్రల మాటలు ఎర్రగా, ఆటగాడి మాటలు నీలంగా ఉంటాయి. పాత్ర మాటలను ఆట పైనుంచి కిందికి చూసి, షరతు నెరవేరిన మొదటి మాటను పలికిస్తుంది. షరతు లేని మామూలు పలకరింపును పైన పెట్టారంటే కింద ఎంత బాగా రాసినా ఎవరికీ కనబడదు. అందుకే ప్రత్యేకమైనవి పైన, మామూలుది అట్టడుగున.

ఇంకో చిక్కు వేరియబుల్స్‌ది, అంటే ఆటలో జరిగినది గుర్తుపెట్టుకునే విలువలది. పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తే టూల్‌సెట్ తప్పు చూపించదు, ఆ వేరియబుల్ విలువ సున్నా అని ఊరుకుంటుంది. గంటలకు గంటలు వెతుక్కోవాల్సి వస్తుంది. పేర్లన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుని అక్కడినుంచే కాపీ చేయండి. స్క్రిప్టు పేరు 16 అక్షరాలు దాటకూడదు. జర్నల్ ఎంట్రీలకు (ఆటగాడి డైరీలో క్వెస్ట్ దశలకు) 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని అంకెలివ్వండి, మధ్యలో దశ చేర్చాల్సి వస్తే చోటుంటుంది. పెద్ద అంకె ఎంట్రీ ఒకసారి వచ్చాక చిన్న అంకెది మామూలుగా రాదు, కాబట్టి ముగింపులకు పెద్ద అంకెలివ్వండి. బహుమతి ఇచ్చిన వెంటనే ఇచ్చేసినట్టు గుర్తు పెట్టడం మరిచిపోతే, అదే మనిషితో మళ్లీ మాట్లాడిన ప్రతిసారీ బంగారం వస్తూనే ఉంటుంది. మీరు కట్టిన ఈ కథను, అంటే మాడ్యూల్‌ను, ఇద్దరు స్నేహితులకిచ్చి, పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అదే సరిచేయాల్సిన చోటు.

తెలుగు లిపి ఆ ఆటలో కనబడదు, ఇంగ్లిష్‌లోనే రాయాలి. తెలుగులో రాయాలని ఉంటే ట్వైన్ అనే ఉచిత పనిముట్టు వాడండి. ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు తయారవుతుంది, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.

నాన్నగారి ప్రశ్న సరైనదే. ఆడినందుకు ఉద్యోగం ఇవ్వరు. చేసి చూపించినదానికి ఇస్తారు. బయోవేర్ ఒకప్పుడు రచయితల దరఖాస్తులకు నెవర్‌వింటర్ నైట్స్ మాడ్యూల్‌నే నమూనాగా అడిగేది. అయితే ఇలాంటి ఆటలు తీసే పెద్ద స్టూడియోలు ఎక్కువగా విదేశాల్లో ఉన్నాయి, లారియన్ కేంద్రం బెల్జియంలోని గెంట్. హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో మొబైల్ ఆటలు, ఆర్ట్, టెస్టింగ్ పనులు ఎక్కువ, క్వెస్ట్ రచయితల ఖాళీలు చాలా తక్కువ. అందుకని సీఎస్‌ఈని వదలకండి. సీ++ లేదా సీ#తో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గానో, టెస్టింగ్‌లోనో చేరి అక్కడినుంచి డిజైన్ వైపు జరగడం మీకు అందుబాటులో ఉన్న దారి. నాన్నగారికి ఇది దాచకుండా చెప్పండి, మాడ్యూల్ పూర్తయ్యాక ఆయన ముందు కూర్చుని ఆడి చూపించండి.

కొనేటప్పుడు సీజన్ సేల్ దగ్గరలో ఉంటే ఆగండి, రెండింటికీ తగ్గింపులు వస్తుంటాయి. ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడినది రెండు గంటల్లోపు అయితే డబ్బు వాపసు అడగవచ్చు. కాబట్టి డిస్కో ఎలీసియం మొదటి రెండు గంటల్లోనే ల్యాప్‌టాప్ తట్టుకుంటోందో లేదో తేల్చుకోండి. తట్టుకోకపోతే 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ తీసుకుని, పాయింట్లు కండబలానికి కాకుండా విజ్‌డమ్, ఇంటెలిజెన్స్, కరిజ్మాలకు పెట్టండి. అందులో మంచి సంభాషణలు తెరుచుకునేది వాటితోనే. షీట్ మాత్రం అదే నాలుగు గడులతో నింపండి.