గ్రాఫిక్స్ కార్డు ఈఎంఐలో తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం 32,000. ఇంటికి పంపించి, ఖర్చులు పోగా నెలకు 5,000 మిగులుతుంది. బ్యాంకులో 45,000 ఉన్నాయి. నా పీసీలో ఐ5-10400 ప్రాసెసర్, మామూలు ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్. షాపులో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 17,500, ఆర్‌ఎక్స్ 6600 అయితే 21,500 చెప్పారు. వాడిన 6600 ఒకాయన 13,000కి ఇస్తానంటున్నారు. ఆడేది ఎక్కువగా వాలరెంట్, జీటీఏ 5. నో కాస్ట్ ఈఎంఐలో కొత్త 6600 తీసుకోనా?

జవాబు: రెండింట్లో 6600 బలమైన కార్డు, సందేహం లేదు. కానీ అది 130 వాట్ల దాకా లాగుతుంది, విడిగా పవర్ కేబుల్ తగిలించాలి. మామూలు ఎస్‌ఎంపీఎస్‌ని నమ్ముకుని దాన్ని నడపొద్దు. మంచిది వేయించడానికి మరో 3,500 అనుకోండి, 21,500 కాస్తా 25,000 అయింది. 3050 6 జీబీకి 70 వాట్లు చాలు. చాలా మోడళ్లు మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తాయి. మీ మానిటర్ సెకనుకు చూపించేది 60 ఫ్రేములే (బొమ్మలే). మీరు చెప్పిన రెండు గేములకూ 3050 ఆ వేగాన్ని తేలిగ్గా అందుకుంటుంది. కంటికి కనబడని ఫ్రేములకు 7,500 పెట్టొద్దంటాను. కొత్తగా వచ్చే భారీ గేముల మీద మనసుంటే మాత్రం 6600 కొనేదాకా ఆగండి.

వాడిన కార్డు కూడా ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి 16,500 అవుతుంది. కొత్త 3050 కన్నా వెయ్యే తక్కువ. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఆ క్రిప్టో కరెన్సీ సంపాదించడం) ఆగిపోయాక, రాత్రీపగలూ నడిచిన కార్డులెన్నో సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. పైగా మన విశాఖ ఉప్పుగాలి. చూడ్డానికి వెళ్తే కేబుళ్లు గుచ్చే వైపు రేకు, స్క్రూలు టార్చి వేసి చూడండి. తుప్పు మరకలుంటే బేరమే ఆడకండి. బాగున్నా సరే, వారంటీ లేని వస్తువుకు వెయ్యి ఆదా చాలదు.

ఇక ఈఎంఐ. నో కాస్ట్ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజుంటే అదీ మీదే. అదే రొక్కమైతే కొంత తగ్గించమని అడగొచ్చు. బ్యాంకులో ఉన్న 45,000 జోలికి వెళ్లకండి. కాంట్రాక్టు రెన్యువల్ ఆలస్యమైతే అద్దె, ఇంటికి పంపే డబ్బు అందులోంచే రావాలి. మిగిలే 5,000 నాలుగు నెలలు పక్కన పెడితే 20,000. అప్పుడు రొక్కమిచ్చి 3050 తెచ్చుకోండి, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి.